ఆ 'ట' ఎక్కడ జారిపోయింది?

ఏటా డిసెంబరు నెలాఖరు వచ్చిందంటే నా ఫోనుకి ఒక మెసేజీ తప్పకుండా వస్తుంది. 2004 సునామీకి ముందే ఏనుగులు గట్టుకి ఎక్కేశాయనీ, కుక్కలు గడప దాటలేదనీ, జంతువులకున్న 'ఆరో జ్ఞానం' మనిషికి లేకుండా పోయిందనీ దాని సారాంశం. అడుగున "పదిమందికీ పంపండి" అని ఒక ఆజ్ఞ. పంపినవాళ్ళలో ఇంజనీర్లుంటారు, డాక్టర్లుంటారు, ఒకసారి సైన్సు మాస్టారు కూడా ఉన్నారు.

మొన్న మా హేతువాద సంఘం నెలవారీ సమావేశంలో కొత్తగా చేరిన కుర్రాడొకడు అదే అడిగాడు. "సార్, దేవుడు లేడు, దెయ్యం లేదు, ఒప్పుకున్నాను. కానీ జంతువులకి ముందే తెలిసింది కదా, దానికి మనం ఏం సమాధానం చెప్తాం?" అందరూ నా వైపు చూశారు. నేను అండమాన్లో పుట్టి పెరిగినవాణ్ణి కదా, సునామీ అంటే నా సబ్జెక్టని వాళ్ళ ఉద్దేశం. టీ చల్లారేలోగా చెప్పేయగల జవాబు కాదని అప్పటికి తప్పించుకున్నాను. నిజానికి ఆ ప్రశ్న నాకు మొదటిసారి ఎదురైంది ఎనిమిదో తరగతి ఇంగ్లీషు క్లాసులో. జవాబు దొరికింది మాత్రం తెలుగులో. అదేమిటో వివరంగా రాస్తున్నాను.

మా వాళ్ళది శ్రీకాకుళం జిల్లా సముద్రతీరం. తాత వయసులో ఉండగానే వేట కోసం ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చేశాడు (2024లో ఆ ఊరి పేరు శ్రీవిజయపురం అని మార్చారు, నాకింకా నోరు తిరగలేదు). జంగ్లీఘాట్ దగ్గర మా ఇల్లు. చుట్టూ మావాళ్ళే, అందరిదీ అదే యాస, అదే చేపల వాసన. చాలామందికి తెలియదు గానీ, 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం. బెంగాలీలు, హిందీవాళ్ళు, తమిళులు, ఆ తర్వాత మనం. బజార్లో అందరూ మాట్లాడుకునేది మాత్రం హిందీయే. అది కూడా లింగాలూ వచనాలూ లేని అండమాన్ హిందీ.

ప్రభుత్వ బడుల్లో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళ మీడియాలతో పాటు తెలుగు మీడియం కూడా ఉండేది. నేను ఏడో తరగతి దాకా అందులోనే చదివాను. 2008లో ఎనిమిదికి వచ్చేసరికి మా నాన్నకి నా భవిష్యత్తు మీద బెంగ పుట్టి ఇంగ్లీషు మీడియంలో పడేశాడు. 'పడేశాడు' అన్నది అలంకారం కాదు. ఈత రానివాణ్ణి జెట్టీ మీంచి తోసినట్టే ఉంది.

మొదటిరోజు హాజరు పిలుస్తుంటే "ప్రెజెంట్ మేడమ్" అన్న రెండు మాటల్నీ నలభైసార్లు మనసులో అనుకుని, తీరా నా పేరు వచ్చేసరికి "ఉన్నానండి" అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకు చివరి బెంచీ దొరికింది. పక్కన ఒక నికోబారీ అబ్బాయి. కార్ నికోబార్ నుంచి వచ్చి చుట్టాలింట్లో ఉండి చదువుకునేవాడు. వాడు మాట్లాడడు, నాకు మాట రాదు. కాబట్టి బాగా కుదిరింది.

ఆ ఏడాదే మాకు కొత్త పుస్తకం. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ 'హనీడ్యూ'. ఎనిమిదో తరగతిలో దాన్ని చదివిన మొదటి బ్యాచ్ మాదే. (2025లో దాని స్థానంలో 'పూర్వీ' వచ్చింది.) మొదటి పాఠం మొదటి ప్రపంచ యుద్ధంలో క్రిస్మస్ నాటి కథ. అటు సైనికులూ ఇటు సైనికులూ తుపాకులు పక్కన పెట్టి ఫుట్‌బాల్ ఆడుకున్నారన్నది తప్ప నాకేమీ ఎక్కలేదు. ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగు చేసుకునేవాణ్ణి. ఒకటి పూర్తయ్యేసరికి టీచరు నాలుగు వాక్యాలు ముందుండేది. బయట వాన రేకుల మీద పడుతుంటే సగం మాటలు ఎలాగూ వినిపించేవి కావు. ఓడల్లో పనికి పోదామా, ఇంట్లో చెప్పేద్దామా అని రోజూ అనుకునేవాణ్ణి.

రెండో పాఠం పేరు 'సునామీ'.

అందులో ఉన్నవన్నీ మా దీవుల కథలే. కచ్చల్ దీవిలో ఒక సహకార సంఘం మేనేజరు కుటుంబం, అక్కడే పనిచేసే ఒక పోలీసు, తలుపు చెక్క పట్టుకుని రెండురోజులు సముద్రంలో తేలి బతికిన పదమూడేళ్ళ పిల్ల, పోర్ట్‌బ్లెయిర్లో చదువుకునే పదేళ్ళ పాప. అంతవరకూ పాఠ్యపుస్తకమంటే నాకు వేరే లోకం. అందులో మంచు కురిసేది, మనుషులు కోట్లేసుకునేవాళ్ళు. మొదటిసారి పుస్తకం మా ఇంటి దగ్గరకొచ్చింది, అదీ చావు కబురుతో. టీచరు గట్టిగా చదవటం మొదలుపెట్టాక క్లాసులో ఎవరూ కదల్లేదు. అందరం అది చూసినవాళ్ళమే. మూడున్నరేళ్ళ కిందటి మాట, అంతే. నా పక్కవాడు మాత్రం పుస్తకం మూసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

రెండోరోజు జంతువుల భాగం. సునామీకి ముందు ఏనుగులు, కుక్కలు, పక్షులు, జూలో జంతువులు ఎలా ప్రవర్తించాయో అందులో ఉంది. చనిపోయిన మనుషులతో పోలిస్తే జంతువులు పెద్దగా చనిపోయినట్టు వార్తలు రాలేదని కూడా ఉంది. నాకు తెలిసిన సంగతి రావడంతో ప్రాణం లేచొచ్చింది. చెయ్యెత్తాను. కొత్త బడిలో నేను చెయ్యెత్తడం అదే మొదలు.

"మేడమ్, హమారా కుత్తా కో భీ పతా థా" అన్నాను. మా కుక్కక్కూడా తెలుసు అని. మా ఇంట్లో అది అందరూ చెప్పుకునే కథే. సముద్రం పొంగకముందే మా రాజా మొరిగి మొరిగి అందర్నీ ఇంట్లోంచి బయటికి తెచ్చిందనీ, గంగమ్మ తల్లే దాని నోట పలికిందనీ మా మామ్మ (నాన్న తల్లి) ఎవరొచ్చినా చెప్పేది.

టీచరు నన్ను వెక్కిరించలేదు, మెచ్చుకోనూ లేదు. "ఈ వాక్యాన్ని నీ భాషలో చెప్పు" అంది, పుస్తకంలో ఒక వాక్యం చూపించి. నేను చెప్పాను: "జంతువులకి ముందే తెలిసిపోయింది." ఆవిడకి తెలుగు రాదు. "ఇప్పుడు నువ్వు చెప్పినదాన్ని హిందీలోకి మార్చు" అంది. మార్చాను. ఆవిడ బోర్డు మీద ఇంగ్లీషు వాక్యాన్నీ నా హిందీ వాక్యాన్నీ పక్కపక్కనే రాసి అడిగింది: "ఇందులో ఒక మాట ఉంది, అందులో లేదు. దారిలో ఎక్కడ పడిపోయింది?"

పడిపోయిన మాట 'సీమ్‌డ్'. తెలిసిందని కాదు, తెలిసినట్టు అనిపించింది అని. దాని తర్వాత వాక్యంలో ప్రత్యక్షసాక్షులు చెప్పినదాని ప్రకారం అన్న ముక్క కూడా ఉంది. అదీ ఎగరగొట్టేశాను. పుస్తకం జాగ్రత్తగా అన్నమాటని నేను ఖాయం చేసేశాను.

ఆ తర్వాత ఆవిడ అందర్నీ అడిగింది. మీరు కళ్ళారా చూసినది చెప్పేటప్పుడూ, ఎవరో అంటే విన్నది చెప్పేటప్పుడూ మీ భాషలో తేడా ఉంటుందా? తమిళ అబ్బాయి వెంటనే లేచాడు. 'వందాన్' అంటే వచ్చాడు, 'వందానాం' అంటే వచ్చాడని ఎవరో అంటే విన్నాను. బెంగాలీ అమ్మాయి 'నాకి' అని ఒక మాట చెప్పింది. హిందీవాళ్ళు 'సునా హై' అన్నారు. నా వంతు వచ్చింది. ఒక్క క్షణం ఆలోచించి "ట" అన్నాను. వచ్చాడు, వచ్చాడట. ఒక్క అక్షరం. ఇంగ్లీషులో నాలుగు మాటలు కావలసినదాన్ని నా తెలుగు ఒక్క అక్షరంలో చెప్పేస్తోంది! వారం రోజులుగా తెలుగువాణ్ణయినందుకు సిగ్గుపడుతున్నవాణ్ణి, మొదటిసారి తల ఎత్తుకుని కూర్చున్నాను.

అప్పుడు నా పక్కవాడు, అన్నాళ్ళూ నోరు విప్పనివాడు, కూర్చునే అన్నాడు హిందీలో. "మా పందులన్నీ పోయాయి. కుక్కలు కూడా. ఎవరూ లెక్కపెట్టలేదు."

నికోబారీలకి పంది అంటే ఆస్తి, పండగ, పరువు. టీచరు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పుస్తకంలో ఆ 'వార్తలు రాలేదు' అన్న చోట వేలు పెట్టి, "చనిపోలేదు అనడమూ, చనిపోయినట్టు ఎవరూ రాయలేదు అనడమూ ఒకటేనా?" అని అడిగి బెల్లు కొట్టడంతో వెళ్ళిపోయింది. ఆవిడ హేతువాది అవునో కాదో నాకు తెలియదు. మెళ్ళో సిలువ గొలుసు ఉండేది. కానీ నాకు హేతువాదం నేర్పినవాళ్ళలో మొదటి పేరు ఆవిడదే. కోవూరూ గోరా తర్వాత వచ్చారు.

ఇంటికెళ్ళి మొదట కుక్క సంగతి తేల్చుకుందామనుకున్నాను. "నాన్నా, రాజా ఎప్పుడు మొరిగింది? ఊగడానికి ముందా, తర్వాతా?"

నాన్న వల అల్లుకుంటూ ఆలోచించాడు. ఆదివారం పొద్దున్న. భూకంపం వచ్చింది 6 గంటల 29 నిమిషాలకి. అంటే మా దీవుల్లో అప్పటికే బాగా తెల్లవారిపోయి ఉంటుంది. మంచాలు ఊగాయి, గిన్నెలు పడ్డాయి, గోడ నెర్రె విచ్చింది. నాన్నే అందర్నీ బయటికి లాగాడు. ఇల్లు కూలుతుందేమోనన్న భయంతో ఎగువకి, రోడ్డు మీదకి ఎక్కేశాం. ఆ తర్వాత కొంతసేపటికి నీళ్ళొచ్చాయి. "మరి రాజా?" "అదీ మొరిగింది. అందరం అరుస్తుంటే మొరగదా?"

అంతే. కుక్క కంటే ముందు మంచాలు చెప్పాయి. మూడున్నరేళ్ళలో 'తర్వాత' మొరిగిన కుక్క 'ముందు' మొరిగిన కుక్క అయిపోయింది. ఎవరూ కావాలని అబద్ధమాడలేదు. చెప్పినకొద్దీ కథ నున్నబడింది. ఇంకో సంగతి. రాజా రోజూ మొరిగేది. సునామీ తర్వాత నెలల తరబడి భూమి కంపిస్తూనే ఉంటే వాటిలో చాలావాటికి అది మంచం కింద పడుకుని నిద్రపోయింది. ఆ నిద్రలు ఎవరికీ గుర్తులేవు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది సరదా కథగా మిగిలేది. కానీ ఆ 'ట' ఇంకో చోట కూడా జారిపోయిందని నాకు ఆ రాత్రి తట్టింది.

మా బాబాయి ఆ సునామీలో పోయాడు. 2004 నవంబరులో ఒక కాంట్రాక్టరు పాసు తీయించి కట్టుబడి పనికి కార్ నికోబార్ తీసుకెళ్ళాడు. ఆ దీవి బల్లపరుపుగా ఉంటుంది, ఊళ్ళన్నీ తీరం వెంటే. అక్కడి వైమానిక స్థావరంలోనే వందమందికి పైగా పోయారు. బాబాయి శవం దొరకలేదు. పిన్ని బొట్టు తీయాలా వద్దా అన్నదాని మీద కూడా మా వీధిలో పెద్దల పంచాయితీ జరిగింది. అంతకన్నా ఘోరమైనది ఇంకొకటి. బాబాయిని సాగనంపేటప్పుడు పిన్ని కుళ్ళిన కొబ్బరికాయ కొట్టిందనీ, ఇంకో కాయ కొట్టకుండా అలాగే పంపేసిందనీ, అందుకే అతను తిరిగి రాలేదనీ అందరూ అనేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా ఇంట్లో పెళ్ళికీ పేరంటానికీ పిన్నిని ముందుకి రానిచ్చేవారు కాదు. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే ఆమే తనంతట తాను వెనక గదిలోకి వెళ్ళిపోయేది. అప్పటికి ఆమె వయసు ముప్ఫై కూడా లేదు.

మర్నాడు మామ్మని అడిగాను. "మామ్మా, ఆ కాయ కుళ్ళిందని నువ్వు చూశావా?"

"నానెక్కడ సూసినాన్రా? నాను జెట్టీకి ఎల్లనేదు కదా. పక్కింటి పెద్దమ్మ సెప్పింది."

పక్కింటి పెద్దమ్మ దగ్గరకెళ్ళాను. "నాకేటి తెలుసురా? మీ మామ్మే కదా ఏడుస్తా సెప్పింది!"

ఇద్దర్లో మొదట ఎవరన్నారో నేను ఎప్పటికీ కనుక్కోలేకపోయాను. బహుశా ఒకామె "కాయ కుళ్ళిందేమో" అనుంటుంది. రెండో ఆమె "కుళ్ళిందట" అనుంటుంది. మూడోసారికి 'ట' జారిపోయి "కుళ్ళింది" అయింది. నాలుగోసారికి "కుళ్ళిన కాయ కొట్టింది" అయింది. ఇంకా ఆలస్యమైతే "తెలిసే కొట్టింది" అయ్యేది. చూసినవాడు ఒక్కడూ లేడు. వీధంతా సాక్షులే.

చివరికి పిన్ని దగ్గరకెళ్ళాను. అసలు మొదట వెళ్ళాల్సింది ఆమె దగ్గరకే. అందరూ ఆమె గురించే మాట్లాడుతున్నప్పుడు ఆమెని అడగాలని తట్టకపోవడం నాలో నేను ఇప్పటికీ క్షమించుకోలేని విషయం. చేపలు తోముతోంది. అడిగాను. తలెత్తకుండానే చెప్పింది.

"ఆ రోజు కాయే కొట్టలేదురా. ఓడ టైమైపోతోందని ఆటోలో పరిగెత్తాం. కాయ సంచీలోనే ఉండిపోయింది. మర్నాడు పచ్చడి చేసేశాను. మంచి కాయ."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం పిన్నీ?"

"ఎవరడిగారు?" అంది. కాసేపాగి, "చెప్తే మాత్రం? కుళ్ళిన కాయ కొట్టిందని ఇప్పుడంటున్నారు. అసలు కాయే కొట్టలేదంటే ఊరుకుంటారా? అది ఇంకా పెద్ద తప్పు. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు" అంది.

పదమూడేళ్ళ వయసులో నాకు అది పూర్తిగా అర్థం కాలేదు. భయం మాత్రం వేసింది. నిజం కనుక్కుంటే చాలు, పిన్ని బయటపడిపోతుందనుకున్నాను. నిజం తెలిస్తే ఆమెకింకా ప్రమాదమని తేలింది! తర్వాత చాలా ఏళ్ళకి అర్థమైంది. కాయ కుళ్ళితే ఆమె తప్పు, కొట్టకపోతే ఆమె తప్పు. ఒకవేళ మంచి కాయే కొట్టి ఉంటే, నిలువునా పగిలిందనో, ఎడమచేత్తో కొట్టిందనో, మనసులో భక్తి లేదనో మరొకటి దొరికేది. ఏం జరిగినా ఒకే తీర్పు వచ్చే కోర్టు అది. ఏ సాక్ష్యం చూపించినా మారని నమ్మకానికి సాక్ష్యంతో పనే లేదన్నమాట. మనం హేతువాదులం తరచుగా "అది జరగలేదు" అని నిరూపించడంతో ఆగిపోతాం. "జరిగితే మాత్రం దానికీ దీనికీ సంబంధమేమిటి?" అన్న రెండో ప్రశ్న అడగకపోతే మొదటి ప్రశ్న వల్ల ఒక్కోసారి బాధితులకే నష్టం.

పిన్నికిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. కాయ సంగతి ఎత్తలేదు. మామ్మని రెండో ప్రశ్నే అడిగాను. "మామ్మా, ఆ దీవిలో అంతమంది పోయారు. పిల్లలు పోయారు, ఆఫీసర్లు పోయారు, చర్చికెళ్ళే నికోబారీలు పోయారు. వాళ్ళందరి పెళ్ళాలూ కుళ్ళిన కాయలే కొట్టారా?"

"ఏట్రా, ఇంగిలీసు బడికెళ్ళి నాకే సదువు సెప్తన్నావేటి" అని కసిరింది. నేను కదల్లేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, కాసేపటికి, నాతో కాదన్నట్టు అంది: "మరి నా కొడుకు ఊరికే ఎలా పోతాడ్రా? ఏదో ఒకటి ఉండాల కదా."

హేతువాద సాహిత్యం తర్వాత చాలా చదివాను గానీ మూఢనమ్మకం ఎక్కణ్ణుంచి పుడుతుందో ఇంత సూటిగా చెప్పిన మాట నాకు కనబడలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు. కొడుకు పోయాడు. కారణం కావాలి. సముద్రాన్ని నిందించలేదు, అది తిండి పెట్టేది. గంగమ్మని అనలేదు, రేపు మిగతా కొడుకులు వేటకి పోవాలి. ఎదురు మాట్లాడలేని కోడలు దొరికింది.

నిజానికి కారణం ఉంది. ఊరికే పోలేదు. సుమత్రా దగ్గర మొదలై ఉత్తరంగా మా దీవుల దాకా సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున సముద్రం అడుగున భూమి పగిలింది. 9.1 తీవ్రత. ఆ పగులు కార్ నికోబార్‌కి దగ్గరగా పోయింది కాబట్టి అక్కడికి నిమిషాల్లోనే నీళ్ళొచ్చాయి. పోర్ట్‌బ్లెయిర్ ఎత్తుపల్లాల ఊరు. మా దగ్గరకొచ్చిన అలలు అంత పెద్దవి కావు. ఎక్కడానికి మాకు గట్లున్నాయి. బాబాయికి లేవు. మామ్మ దాన్ని 'ఉప్పెన' అనేది, మనవాళ్ళకి తెలిసినది అదే కాబట్టి. కానీ 1977 దివిసీమ ఉప్పెన తుఫాను తెచ్చినది, ఇది భూకంపం తెచ్చినది. మన భాషలో దీనికి మాటే లేకపోవడం, అంటే మనకి దీని జ్ఞాపకమే లేకపోవడం, ఆ రోజు జనం చావడానికి ఒక కారణం.

ఈ మాట ఎందుకంటున్నానంటే, జ్ఞాపకం ఉన్నచోట జనం బతికారు. సుమత్రా పక్కనే సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది పోయారు. అప్పట్నుంచి వాళ్ళ భాషలో దానికి 'స్మోంగ్' అని పేరు. భూమి గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని పిల్లలకి కథల్లో చెప్పుకుంటూ వచ్చారు. 2004లో దాదాపు 78,000 మంది జనంలో పోయింది ఏడుగురు. మా లిటిల్ అండమాన్లో ఓంగీలు కూడా అలాగే పెద్దలు చెప్పినది గుర్తుంచుకుని ఎత్తు ప్రదేశాలకి పోయారు. పేపర్లు దాన్ని కూడా 'ఆరో జ్ఞానం' అనే రాశాయి! అది ఒక రకంగా వాళ్ళకి అవమానం. వాళ్ళు బుర్రలో భద్రపరుచుకున్న పరిజ్ఞానానికి పక్షుల లక్షణం అంటగట్టడం. మా పాఠంలోనే ఉన్న టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లీషు పాప థాయ్‌లాండులోని పుకెట్‌లో, సముద్రం నురగలు కక్కుతూ పొంగడం చూసి గోల చేసి బీచి ఖాళీ చేయించింది. ఆమెకీ ఏ ఆరో జ్ఞానమూ లేదు. రెండు వారాల కిందట భూగోళం క్లాసులో శ్రద్ధగా విన్నది, అంతే.

మరి ఏనుగులు? శ్రీలంకలో కొన్ని ఏనుగులకి అంతకుముందే పరిశోధన కోసం శాటిలైట్ కాలర్లు కట్టి ఉన్నాయి. అవి ఎప్పుడు ఎక్కడున్నాయో రికార్డయింది. శాస్త్రవేత్తలు ఆ రికార్డు పరిశీలించి 2006లో ఫలితం ప్రచురించారు. సునామీని ముందే పసిగట్టి పారిపోయిన జాడ అందులో కనిపించలేదు. కాలర్లున్నవి కొన్నే కాబట్టి ప్రపంచంలోని ఏనుగులన్నిటికీ అదే తీర్పని నేననను. జంతువుల చెవులు మనకంటే చురుకైనవి, కంపనాల్ని అవి మనకంటే బాగా పసిగట్టవచ్చు, అందులో వింతేమీ లేదు. కానీ 'పరిగెత్తాయట'కీ, కాలరు చెప్పినదానికీ తేడా ఉంది. రెండోదాన్ని ఎవరైనా మళ్ళీ సరిచూసుకోవచ్చు.

2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం మొదలైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హెచ్చరికలు వచ్చాయి, మేమూ గట్టెక్కాం. ఈసారి భూమి పైకీ కిందికీ కాకుండా పక్కకి జరిగింది కాబట్టి పెద్ద అల రాలేదు. హెచ్చరిక ఎత్తేశారు. "సైంటిస్టులు తప్పారు" అని మామ్మ నవ్వింది. తప్పితే తప్పామని చెప్పి, ఎందుకో కూడా చెప్పేవాళ్ళనే నమ్మొచ్చు మామ్మా అన్నాను. కొబ్బరికాయ ఎప్పుడూ తప్పు ఒప్పుకోలేదు కదా.

నా మాటలతో మామ్మ మారిపోయిందని రాస్తే అది అబద్ధం. చివరిదాకా గంగమ్మకి మొక్కుతూనే ఉంది. కానీ ఎనిమిదో తరగతి ఏడాది డిసెంబరు 26న, బాబాయి ఫొటో ముందు దీపం పెట్టే వేళకి, వెనక గదిలోకి వెళ్ళిపోతున్న పిన్నిని పిలిచి, "ఒలే, నువ్వే ఎట్టు" అని అగ్గిపెట్టె చేతికిచ్చింది. క్షమించమని అడగలేదు. కాయ మాట ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తినట్టు నాకు గుర్తులేదు. ఫొటో ముందు దీపం పెట్టడం హేతువాదికి సమ్మతమా కాదా అని మా సంఘంలో ఎవరైనా చర్చ పెడితే నేను ఆ రోజుకి సెలవు.

మామ్మ పోయి ఏడేళ్ళయింది. పిన్ని పోర్ట్‌బ్లెయిర్లోనే ఉంది. ఇది రాయనా అని ఫోనులో అడిగాను. "రాసుకో. ఇప్పుడు నాకేం భయం?" అంది. "పచ్చడి సంగతి కూడా రాయి" అంది.

ఇక మా కుర్రాడికి జవాబు. తమ్ముడూ, "జంతువులకి తెలియదు" అని నువ్వు ఎవరితోనూ వాదన పెట్టుకోనక్కర్లేదు. మూడు ప్రశ్నలు చాలు. ఎవరు చూశారు? ముందు చూశారా, తర్వాత గుర్తు చేసుకున్నారా? చచ్చిన పందుల్ని ఎవరైనా లెక్కపెట్టారా?

మీకు కూడా ఈ డిసెంబరులో ఆ మెసేజీ వస్తుంది, తప్పదు. పంపాలనే ఉంటే పంపండి, నేను వద్దనను. కాకపోతే ప్రతి వాక్యం చివరా ఒక 'ట' చేర్చి పంపండి. చేర్చాక చదువుకుంటే పంపాలనిపించకపోవచ్చు కూడా.